లంక పొగాకు, చుట్ట, పైపు: త్రాగువారికి కొన్ని సలహాలు

కోనసీమ గ్రామాలలో రైతు సభలు జరిగినప్పుడు వరి తెగుళ్లను గురించి, కొబ్బరి నల్లిని గురించి, అరటి పిలకలను గురించి ప్రశ్నలు వచ్చుట పరిపాటి. సభ ముగిసి, అందరును టీ త్రాగుచుండగా, పెద్ద వయస్సు రైతు ఎవరో ఒకరు ప్రక్కకు వచ్చి, సభలో అడుగుటకు మొగమాటపడిన ప్రశ్నను అప్పుడు అడుగుదురు. రెండేండ్ల క్రిందట సముద్రపు చేరువనున్న ఒక గ్రామములో ఒక తాతగారు నన్ను అటులే అడిగిరి: "ఏమండీ బాబూ, ఈ ఏడు చుట్ట సరిగ్గా కాలటం లేదండి. రెండు దమ్ములకే ఆరిపోతోంది. ఆకుది తప్పంటారా, చుట్టినవాడిది తప్పంటారా?"

ప్రశ్న చిన్నదే. కాని దానికి సరియైన సమాధానము చెప్పవలెనన్న నేల, ఎరువు, నీరు, ఆరబెట్టుట, మాగబెట్టుట, నిలువ చేయుట, చివరకు మనిషి నోటి ఆరోగ్యము, అన్నియు అందులోనికి వచ్చును. చుట్ట, పైపు అలవాటున్నవారు తెలిసికొనదగిన విషయములను ఈ వ్యాసములో వరుసగా వివరింతును. ఒక మాట ముందుగనే చెప్పవలెను. అలవాటు లేనివారు దీనిని చదివి మొదలుపెట్టవద్దు. అలవాటున్నవారు మానుటయే అన్నిటికంటె మేలు. వెంటనే మానలేనివారు తాము త్రాగునది ఏమిటో, అది తమ ఒంటిలో ఏమి చేయునో తెలిసి త్రాగవలెనన్నదే ఈ వ్యాసము ఉద్దేశము.

లంక ఆకునకు పేరెట్లు వచ్చినది?

ధవళేశ్వరము దిగువను గోదావరి గౌతమి, వసిష్ఠ అను పాయలుగా చీలును. ఈ రెండింటి నడుమ నున్నదే కోనసీమ. వసిష్ఠ నుండి వైనతేయ పాయ చీలి కోనసీమ నడుమగా సముద్రమునకు పోవును. ఈ పాయల నడుమను, ధవళేశ్వరమునకు ఎగువను, నది మేట వేసిన దిబ్బలే లంకలు. వర్షకాలములో వరద వచ్చి లంకల మీద ఒండ్రు పరచి పోవును. వరద తీసిన తరువాత ఆ ఒండ్రులో నాటి, శీతకాలములో పెంచి, వేసవి ముదురక ముందే కోసిన నాటు పొగాకునే లంక పొగాకు అందురు.

పొగాకు మన దేశపు మొక్క కాదు. అమెరికా ఖండములో పుట్టిన ఈ మొక్కను పోర్చుగీసువారు మన తీరమునకు తెచ్చిరి. ఆంగ్లేయులు చుట్టను 'చెరూట్' అందురు. ఆ మాట తమిళములోని 'సురుట్టు' నుండి పోయినదే. 19వ శతాబ్దము నాటికి లంక చుట్ట సముద్రము దాటి ఇంగ్లండు వరకు పేరు పొందినది. ఆర్థర్ కానన్ డాయిల్ 1890లో ప్రకటించిన 'ది సైన్ ఆఫ్ ఫోర్' అను నవలలో షెర్లాక్ హోమ్స్ అను అపరాధ పరిశోధకుడు బూడిదను చూచి పొగాకును గుర్తించుటను గురించి చెప్పుచు మన లంక చుట్టను పేర్కొనును. పొగాకు మీద పరిశోధనకై రాజమహేంద్రవరములో 1947లో కేంద్ర సంస్థ ఏర్పడుటకు ఈ ప్రాంతపు పొగాకు సేద్యమే ముఖ్య కారణము.

కాలుట ఆకులోనే ఉన్నది

చుట్ట నిలకడగా కాలుటకు మొదటి కారణము చుట్టువాని చేయి కాదు, ఆకులోని లవణములు. వీనిలో రెండింటిని రైతు గుర్తుంచుకొనవలెను. పొటాషియము నిప్పును నిలుపును. క్లోరైడు నిప్పును ఆర్పును. క్లోరైడు ఎక్కువైన ఆకు గాలిలోని తేమను పీల్చుకొని ఎల్లప్పుడు మెత్తగా నుండును. అంటించిన కొద్దిసేపటికే నల్లబడి ఆరిపోవును. ఎండిన ఆకు తూకములో క్లోరైడు 1.5 శాతము దాటిన కొలది ఈ దోషము పెరుగును.

ఈ క్లోరైడు ఎక్కడి నుండి వచ్చును? రెండు దారులు కలవు. మొదటిది ఉప్పునీరు. కాట్రేనికోన, అల్లవరము, సఖినేటిపల్లి వంటి తీర మండలములలో అనేక చోట్ల బావి నీరు ఉప్పు తగులును. ఆ నీటితో పెంచిన ఆకు బరువుగా, పెద్దదిగా కనిపించును గాని కాలదు. లంక నేలలకు ప్రతి సంవత్సరము నదీజలము క్రొత్త ఒండ్రు తెచ్చి, ఉప్పును కడిగివేయును. లంక ఆకు బాగుగా కాలుటకు ముఖ్య కారణము ఇదియే.

రెండవది ఎరువు. మన రైతులు కొబ్బరికి మ్యూరేట్ ఆఫ్ పొటాష్ వేయుదురు. అది పొటాషియము క్లోరైడు. కొబ్బరికి పొటాష్ మాత్రమే గాక క్లోరిన్ కూడ కావలెను, కనుక అది కొబ్బరికి మంచి ఎరువే. అదే బస్తా నుండి రెండు దోసిళ్లు పెరటిలోని పొగాకు మొక్కలకు కూడ వేసినచో, మేలు చేయబోయి కీడు చేసినట్లగును. ఆ ఎరువు బరువులో దాదాపు సగము క్లోరైడే. పొగాకునకు పొటాష్ కావలెనన్న సల్ఫేట్ ఆఫ్ పొటాష్ మాత్రమే వేయవలెను.

తాతగారి పెరటిని మరునాడు పోయి చూచితిని. కొబ్బరి చెట్ల నడుమ రెండు సెంట్ల నేలలో ఇంటి వాడుకకు పొగాకు వేసికొనిరి. నీరు పెరటి బావిది. నాలుకకు ఉప్పు తగిలినది. ఎరువు కొబ్బరికి తెచ్చినదే. వారి చుట్ట ఆరిపోవుటకు రెండు కారణములును అక్కడనే దొరికినవి.

ఇంటి వద్ద చేయదగిన పరీక్ష ఒకటి కలదు. బాగుగా ఆరిన ఆకులను నాలుగింటిని తీసికొని, ఈనెకు దూరముగా, వెలుగుచున్న అగరువత్తి కొనను తాకించి తీసివేయవలెను. మంట రాకుండ నిప్పు అంచు ఎన్ని సెకనులు ప్రాకునో లెక్కించవలెను. తాకించిన చోట ఒకటి రెండు సెకనులలో ఆరిపోయిన ఆకు చుట్టకు పనికిరాదు. నిప్పు నెమ్మదిగా, సమముగా ప్రాకుచు పోయినచో ఆకు మంచిది. బూడిద రంగు కూడ కొంత చెప్పును. తెల్లనగు, గట్టిగా నిలుచు బూడిద మంచి కాలుటకు గుర్తు. నల్లనగు, పొరలుగా రాలు బూడిద సరిగా కాలని దానికి గుర్తు.

ఆకు ఘాటు మరియొక విషయము. మొక్క తల త్రుంచి, పిలకలు గిల్లిన కొలది నికోటిన్ ఆకులలో పెరుగును. నత్రజని ఎక్కువ వేసినను పెరుగును. ఒకే మొక్కలో అడుగు ఆకులలో తక్కువ, పై ఆకులలో ఎక్కువ. కాబట్టి కోసినప్పుడే అడుగు, నడిమి, పై ఆకులను వేరు చేసి కట్టలు కట్టుకొనవలెను. అన్నియు కలిపిన కట్ట నుండి చుట్టిన చుట్టలలో ఒకటి చప్పగాను, ఒకటి తల తిరుగునట్లుగాను ఉండును.

తడి ఆకుతో జాగ్రత్త: మంచు పడిన ఉదయము గాని, వాన తరువాత గాని పొగాకు కోయువారికి, ఆకు మీది తడిలో కరగిన నికోటిన్ చర్మము గుండ ఒంటికి ఎక్కి, తల తిరుగుట, వాంతులు, నీరసము కలుగును. పిల్లలకు, అలవాటు లేనివారికి ఇది మరింత త్వరగా కలుగును. మంచు ఆరిన తరువాతనే కోయవలెను. పొడుగు చేతుల చొక్కా, చేతి తొడుగులు వాడవలెను. పని కాగానే సబ్బుతో కడుగుకొనవలెను. పిల్లలను, గర్భిణులను ఈ పనికి పెట్టరాదు.

ఆరబెట్టుట, మాగబెట్టుట

కోసిన ఆకు వెంటనే చావదు. కొన్ని దినములు ప్రాణముతో నుండి, తనలోని పిండిపదార్థమును చక్కెరగా మార్చుకొని, ఆ చక్కెరను ఖర్చు చేయును. ఆకుపచ్చ పోయి పసుపు, పసుపు పోయి గోధుమ రంగు వచ్చుట ఆ మార్పునకు బయటి గుర్తు. తీవ్రమైన ఎండలో ఒకేసారి ఆరిన ఆకు ఆ మార్పు పూర్తి కాకుండగనే చచ్చి పచ్చగా నిలిచిపోవును. అట్టి ఆకు చుట్ట చేదుగా, గొంతు కోయునట్లుగా నుండును. గాలి ఆడు నీడలో, ఆకునకు ఆకు తగలకుండ దండలు గ్రుచ్చి, వారముల తరబడి నెమ్మదిగా ఆరనీయవలెను. ఈనె విరిచినప్పుడు పుటుక్కున విరుగువరకు దించరాదు. ఈనెలో తడి మిగిలియుండగా కట్టిన కట్ట లోపల కుళ్లును.

తరువాతది మాగబెట్టుట. ఆరిన ఆకును కొద్దిపాటి తేమతో మండె కట్టినచో, లోపల వేడి పుట్టును. ఈ వేడిలో పచ్చి వాసన, కొంత నికోటిన్, అమ్మోనియా వాయువు బయటికి పోవును, రంగు ముదురును, పొగ మెత్తబడును. మండె నడుమ వేడి 50 డిగ్రీల సెంటిగ్రేడును దాటకుండ చూడవలెను. అందులకు ఒక వెదురు గొట్టములో ఉష్ణమాపకమును ఉంచి మండె నడుమకు దూర్చుట మంచిది. వేడి ఆ మేరకు వచ్చినప్పుడు మండె విప్పి, పై ఆకు లోపలికి, లోపలి ఆకు పైకి వచ్చునట్లు తిరుగకట్టవలెను. తిరుగకట్టిన ప్రతిసారి వేడి మునుపటికంటె తక్కువగా వచ్చును. ఇక వేడి పుట్టనప్పుడు ఆకు మాగినట్లు. ఇంటి వాడుకకు ఉంచిన నాలుగు కట్టలు చాలినంత వేడిని పుట్టింపలేవు. అట్టివారు నాలుగైదుగురు కలిసి ఒకే మండె కట్టుకొనుట మేలు.

చుట్ట చుట్టుట

ఆకును ముందుగా మెత్తపరచవలెను. నీరు చల్లుటకంటె, తడిపి గట్టిగా పిండిన గోనెపట్టాలో రాత్రి చుట్టియుంచుట మంచిది. గుప్పిట పట్టి వదలినప్పుడు ఆకు గలగలలాడక, చేతికి అంటుకొనక, మెల్లగా విచ్చుకొనవలెను. అది సరియైన తేమ.

నడిమి ఈనెను తప్పక తీసివేయవలెను. ఈనె ఆకుతో సమానముగా కాలదు. చుట్ట ఒక ప్రక్క కాలి ఒక ప్రక్క నిలుచుటకు సామాన్య కారణము అదియే. లోపలి ఆకులను మెలిపెట్టక, పొడవునకు మడతలుగా పేర్చవలెను. మెలిపెట్టినచో గాలి దారి మూసికొనును. నోటి వైపు వదులుగాను, నిప్పు వైపు కొంచెము నిండుగాను ఉండవలెను. పైకి చుట్టు ఆకు చిల్లులు లేక, సాగునదిగా ఉండవలెను. అంచు అంటించుటకు పలుచని గంజి చాలును. బజారులో దొరకు జిగురులు వాడరాదు. అవి కాలినప్పుడు వచ్చు పొగ నోటిలోనికే పోవును.

చుట్టిన వెంటనే త్రాగరాదు. గాలి ఆడు నీడలో కొన్ని వారములు ఉంచినచో లోపలి తేమ, పై తేమ సమమగును.

నిలువ: తేమ, బూజు, పురుగు

మన కోనసీమలో చుట్టకు శత్రువు పొడిగాలి కాదు, తేమ. చుట్ట నిలువకు గాలిలో తేమ 65 నుండి 70 శాతము వరకు ఉండవలెను. వర్షకాలములో మన ఇండ్లలో 80 శాతము దాటును. కాబట్టి పొడి దేశముల వారు చెప్పినట్లు పెట్టెలో తడి స్పాంజి పెట్టుట ఇచ్చట పనికిరాదు. కొందరు డబ్బాలో పచ్చి అరటి ఆకు ముక్కనో, పండు తొక్కనో వేయుదురు. అది బూజును పిలిచి పీట వేయుటయే.

గాలి చొరని మూత గల గాజు సీసా గాని, డబ్బా గాని తీసికొని, చుట్టలు మూడు వంతులు మాత్రమే నింపి, చల్లని చోట నుంచవలెను. వారమునకొకసారి పొడిగా నున్న దినమున మూత తీసి కొద్దిసేపు గాలి తగులనీయవలెను. తేమ మాపకము కొనినవారు దానిని నమ్ముటకు ముందు పరీక్షించవలెను. ఒక సీసా మూతలో ఉప్పు పోసి, కొన్ని చుక్కల నీటితో ముద్దగా చేసి, మాపకముతో పాటు గాలి చొరని డబ్బాలో ఒక రాత్రి ఉంచినచో అది 75 చూపవలెను. ఎంత తేడా చూపిన అంత తేడాను లెక్కలో వేసికొనవలెను.

బూజు పట్టిన చుట్టను తుడిచి త్రాగరాదు, పారవేయవలెను. ఆ బూజు కణములు పొగతో పాటు ఊపిరితిత్తులకు చేరును.

చుట్టలో సూది గుచ్చినట్లు సన్నని రంధ్రములు, డబ్బా అడుగున గోధుమ రంగు నుసి కనిపించినచో పొగాకు నుసిపురుగు చేరినదని తెలియవలెను. పెంకుపురుగు 2 నుండి 3 మిల్లీమీటర్లు మాత్రమే. ఆకును తినునది దాని పిల్లపురుగు. మన వేడికి అయిదారు వారములలో ఒక తరము పూర్తియగును. చుట్టలను గాలి చొరని సంచిలో కట్టి, ఫ్రిజ్ మంచు అరలో వారము దినములుంచి, తరువాత ఒక దినము క్రింది అరలో ఉంచి బయటికి తీసినచో గుడ్లతో సహా చచ్చును. ఇంటిలో నిలువనున్న పొగాకునకు పురుగుమందు పొడులు చల్లుట, ధాన్యమునకు వాడు అల్యూమినియం ఫాస్ఫైడు బిళ్లలు పెట్టుట ప్రాణాంతకము. ఆ బిళ్లల నుండి వచ్చు వాయువు నిదురించువారిని చంపగలదు.

త్రాగు పద్ధతి

చుట్టను మంటలో కాల్చక, మంటకు కొంచెము పైన త్రిప్పుచు అంచంతయు సమముగా ఎర్రబడువరకు అంటించవలెను. నిమిషమునకు ఒక దమ్ము చాలును. వెంటవెంట లాగినచో నిప్పు వేడెక్కి పొగ చేదెక్కును. పొగను లోపలికి పీల్చరాదు. ఆరిన చుట్టను వెలిగించునప్పుడు మునుపటి బూడిదను రాల్చి, లోపలి పాత పొగను ఒకసారి బయటికి ఊది వెలిగించవలెను. రేయి ఆర్పిన చుట్టను ఉదయము త్రాగుట మానవలెను.

పైపు త్రాగువారు మన ప్రాంతములో కొద్దిమంది. వారు గమనింపవలసినవి కొన్ని కలవు. లంక ఆకు ఒంటరిగా పైపునకు మిక్కిలి ఘాటు. పైపు పొగాకులో సామాన్యముగా బ్యారన్‌లో వేడిగాలితో ఆరబెట్టిన వర్జీనియా ఆకును, నీడలో ఆరిన బర్లీ ఆకును కలుపుదురు. ఈ రెండును మన రాష్ట్రములో పండునవే. పైపు గిన్నెను మూడు విడతలుగా నింపవలెను: అడుగున వదులుగా, నడుమ కొంచెము అదిమి, పైన గట్టిగా. ఒకసారి అంటించి, పైకి లేచిన ఆకును అదిమి, రెండవసారి అంటించవలెను. గిన్నె చేతికి చురుక్కుమన్నచో ప్రక్కన పెట్టవలెను. త్రాగిన తరువాత గొట్టమును దూది తీగతో తుడిచి, ఒక దినము ఆరనిచ్చి వాడవలెను. గిన్నె లోపలి మసిపొర రూపాయి బిళ్ల మందమును మించినచో చెక్క పగులును; దానిని మెల్లగా గోకి తీయవలెను.

త్రాగునప్పుడు తల తిరిగి, చెమట పట్టి, కడుపులో త్రిప్పినచో అది నికోటిన్ ఎక్కువైనందుకు గుర్తు. వెంటనే ఆర్పి, గాలిలో కూర్చుండి, పంచదార నీరు త్రాగవలెను. వాంతులు తగ్గకున్నను, గుండె దడ తగ్గకున్నను వైద్యుని వద్దకు పోవలెను. చుట్ట పీకలను పిల్లలకు, పశువులకు అందు చోట పారవేయరాదు, మ్రింగినచో విషము.

"మేము పీల్చము గదా" అనువారికి

"సిగరెట్టువాడు పొగ పీల్చును, మేము పీల్చము, మాకేమి?" అని చుట్ట త్రాగు పెద్దలు అందురు. ఈ మాటలోని నిజమేదో, పొరపాటు ఏదో తెలిసికొనవలెను.

సిగరెట్టులోని వర్జీనియా ఆకు బ్యారన్‌లో అయిదారు దినములలో ఆరును. చక్కెర ఆకులోనే మిగిలిపోవును. అందుచేత దాని పొగ ఆమ్లగుణము కలది. అట్టి పొగలోని నికోటిన్ నోటి చర్మము గుండ ఎక్కువగా పోదు. ఊపిరితిత్తులకు పీల్చినగాని ఒంటికి పట్టదు. నీడలో నెమ్మదిగా ఆరి, మండెలో మాగిన చుట్ట ఆకులో చక్కెర దాదాపు ఉండదు. దాని పొగ క్షారగుణము కలది. క్షారపు పొగలోని నికోటిన్ చిగుళ్లు, బుగ్గలు, నాలుక, అంగిలి గుండ నేరుగా రక్తములోనికి పోవును. పీల్చకున్నను చుట్ట తృప్తి నిచ్చుటకు కారణము ఇదియే. పొగ సేపటి తరబడి నోటిలోనే నిలుచును గనుక, అందులోని క్యాన్సరు కలిగించు పదార్థములు కూడ నోటికే తగులుచుండును. చుట్ట త్రాగువారికి నోరు, గొంతు, అన్నవాహిక క్యాన్సరులు వచ్చు ప్రమాదము హెచ్చు. పైపు త్రాగువారికి పెదవి క్యాన్సరు కూడ చెప్పబడినది. పొగ పీల్చువారికి ఊపిరితిత్తుల ముప్పు అదనము. మాగబెట్టిన ఆకు, మంచి ఆకు, ఇంటి ఆకు అన్న భేదము ఇందులో లేదు.

ఉత్తరాంధ్ర తీరములో, ముఖ్యముగా స్త్రీలలో, నిప్పు నోటిలో పెట్టుకొని త్రాగు అలవాటు కలదు. దీనిని అడ్డపొగ అందురు. ఇందులో వేడియు పొగయు రెండును అంగిలికే తగులును. అంగిలి క్యాన్సరు ఇతరులలో అరుదు. అడ్డపొగ త్రాగువారిలో ఎక్కువ. ఈ సంగతి అర్ధశతాబ్దము క్రిందటనే మన రాష్ట్రములో జరిగిన పరిశోధనలలో తేలినది. అన్ని పద్ధతులలోను ఇది మిక్కిలి చెడ్డది. మన ఇండ్లలో పెద్దమ్మలు, అమ్మమ్మలు ఎవరైన అటుల త్రాగుచున్నచో మాన్పించుట బిడ్డల బాధ్యత.

నెలకొకసారి వెలుతురులో అద్దము ముందు నోరు తెరచి చూచుకొనవలెను. బుగ్గల లోపల, నాలుక ప్రక్కల, నాలుక క్రింద, అంగిలిపై తెల్లని లేక ఎర్రని మచ్చ, మూడు వారములైనను మానని పుండు, గడ్డ, మ్రింగుటలో నొప్పి, నోరు పూర్తిగా తెరువలేకపోవుట, వీనిలో ఏది కనిపించినను ఆలస్యము చేయక దంతవైద్యునికి గాని, ప్రభుత్వ ఆసుపత్రిలో గాని చూపవలెను. తొలి దశలో గుర్తించిన నోటి క్యాన్సరు చాలవరకు నయమగును. నొప్పి లేదు గదా అని ఊరకుండుటయే ఎక్కువమందిని ముంచుచున్నది. తొలి మచ్చకు నొప్పి ఉండదు.

తాతగారికి ఉప్పునీటి సంగతి, ఎరువు సంగతి చెప్పి లేచుచుండగా, వారు నవ్వినప్పుడు క్రింది పెదవి లోపల, చుట్ట నిలుచు చోట, ఒక తెల్లని మచ్చ నా కంటబడినది. "తాతగారూ, ఇది ఎన్నాళ్ల నుంచండీ?" అని అడిగితిని. "అదా బాబూ, ఏడాది పైనే అయ్యుంటదండి. నొప్పేమీ లేదండి" అనిరి. నేను వ్యవసాయశాస్త్రము చదివినవాడనే గాని వైద్యుడను కాను. అయినను ఆకు మీది మచ్చను చూచి తెగులు గుర్తించుమని ఊరూర చెప్పు నేను, మనిషి నోటిలోని మచ్చను చూచి మాటాడక పోవుట న్యాయము కాదనిపించినది. వారి కుమారునితో చెప్పి మరునాడే ఆసుపత్రికి పంపితిని. మచ్చ ఇంకను క్యాన్సరు కాలేదని, చుట్ట మానకున్నచో కావచ్చునని డాక్టరు చెప్పిరి. రెండు సెంట్ల పొగాకు తీసివేసి తాతగారు ఇప్పుడు అక్కడ వంగ, బెండ వేసిరి. నోరు ఊరకున్నప్పుడు సోంపు నములుదురు. మూడుమార్లు మానలేక మరల మొదలుపెట్టి, నాలుగవమారు మానిరి. ఆరు నెలలకొకసారి నోరు చూపించుకొనుచున్నారు.

నిప్పు సంగతి

కోనసీమలో చుట్ట నిప్పునకు ఆహారము నలుదిక్కుల ఉన్నది. తాటాకు కప్పులు, గడ్డివాములు, కొబ్బరి పీచు కుప్పలు, ఎండిన కొబ్బరి మట్టలు. పీచు కుప్పలో పడిన నిప్పు గంటల తరబడి లోలోపల రాజుకొని అర్ధరాత్రి మంటయగును. మంచము మీద పడుకొని చుట్ట త్రాగరాదు. పీకను నీటిలో ముంచి, చేతితో తాకి చల్లబడినదని చూచి పారవేయవలెను.

ఇచ్చట మరియొక జాగ్రత్త కలదు. మన పొలముల క్రింద సహజవాయువు గొట్టములు పోవుచున్నవి. 1995 జనవరిలో పాశర్లపూడి వద్ద బావి నుండి లేచిన మంటలు రెండు నెలలకు పైగా ఆరలేదు. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరము గ్రామములో గొట్టము నుండి వెలువడిన వాయువు అంటుకొని ఇరువదిమందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. పొలములో గాని, ఊరిలో గాని గ్యాసు వాసన వచ్చినను, నేల నుండి బుసమను శబ్దము వినవచ్చినను, నీటిలో బుడగలు లేచినను అగ్గిపుల్ల గీయరాదు, చుట్ట వెలిగింపరాదు. గాలికి ఎదురుగా దూరముగా పోయి, అధికారులకు తెలుపవలెను.

పిల్లలు, చట్టము

గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కములో గిరీశము చుట్టను పొగడుచు చదువు పద్యము తెలుగువారికి కంఠస్థము. నాటకములో అది నవ్వు పుట్టించును. ఇంటిలో మాత్రము గిరీశము వంటి గురువు ఉండరాదు. మనుమని చేతికి అగ్గిపెట్టె ఇచ్చి "అంటించి తేరా" అనుట పెద్దల అలవాటు. మొదటి దమ్ము అక్కడనే మొదలగును. 2003 నాటి చట్టము ప్రకారము 18 సంవత్సరములు నిండనివారికి పొగాకు వస్తువులు అమ్మరాదు. విద్యాలయములకు 100 గజముల లోపల అసలే అమ్మరాదు. బహిరంగ స్థలములలో పొగ త్రాగినచో 200 రూపాయల వరకు జరిమానా. చుట్టలు పెట్టెలలో అమ్ము వ్యాపారులు చట్టము కోరిన చిత్రహెచ్చరికను ముద్రింపవలెను. పసిపిల్లలు, గర్భిణులు ఉన్న ఇంటిలో, కిటికీ తెరచినను, లోపల త్రాగుట తగదు.

మానదలచిన వారికి

ఒక తేదీ నిర్ణయించి ఇంటివారికి చెప్పవలెను. చుట్టలు, డబ్బా, అగ్గిపెట్టె ఇంటిలో ఉంచరాదు. మొదటి వారములో విసుగు, నిద్రలేమి, తలనొప్పి కలుగును. తరువాత తగ్గుచు వచ్చును. కోరిక పుట్టినప్పుడు కొన్ని నిమిషములు ఓర్చుకొనిన అది తగ్గిపోవును. ఆ నిమిషములలో నీరు త్రాగుట, సోంపు గాని లవంగము గాని నములుట, తోటలో ఒక చుట్టు తిరిగి వచ్చుట ఉపయోగపడును. చుట్టకు బదులు ఖైనీ, గుట్కా, పొగాకు కిళ్లీ పట్టరాదు. అవియు నోటికి క్యాన్సరు తెచ్చునవే. కేంద్ర ప్రభుత్వపు ఉచిత సలహా టెలిఫోను 1800-11-2356. ఒకసారి మాని మరల మొదలుపెట్టినవారు నిరాశపడనక్కరలేదు. మానినవారిలో పలువురు రెండు మూడు మార్లు తప్పి నిలిచినవారే.

రైతు సోదరులారా! మంచి ఆకును గుర్తించుట, చక్కగా మాగబెట్టుట మన లంకల రైతులు తరతరములుగా నేర్చిన విద్య. ఆ విద్య గొప్పదనుటలో సందేహము లేదు. ఆ ఆకు పొగ నోటికి చేయు కీడు కూడ అంత నిజము. పైరు మీద ఒక మచ్చ కనిపించిన మరునాడే ఆకు పట్టుకొని మా వద్దకు వచ్చెదరు. నోటిలో మచ్చ కనిపించిన దినమున కూడ అంత తొందరగను ఆసుపత్రికి పొండు.